మా ఆవిడ చూపుడువేలు, నా పసుపు వైద్యం

నేను ఆర్మూర్‌లో ఒక పసుపు కమీషన్ దుకాణంలో సరుకు చూసే పని చేస్తాను. చూడటం అంటారు గానీ, ఆ పనిలో కళ్ళకు పెద్ద వాటా లేదు. కొమ్మును రెండు వేళ్ళ మధ్య రుద్దాలి, ఫట్‌మని విరవాలి, లోపల ఇంకా తడి ఉందో లేదో చెప్పాలి. బాల్కొండ నుంచి వచ్చిన రైతు "పదిహేను రోజులు ఎండబెట్టిన, నీ మీద ఒట్టు" అంటుంటే, నా బొటనవేలూ చూపుడువేలూ కలిసి "పదే" అంటాయి. నా మీద ఒట్టు పెట్టినవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళ మాటలన్నీ నిజమైతే నేను ఇంకా వందేళ్ళు బతకాలి.

వేళ్ళ మీద ఉన్నంత గర్వమే నాకు పసుపు మీద కూడా ఉండేది. మా ఊళ్ళో చాలామంది పసుపును సొంత బంధువులా వెనకేసుకొస్తారు. నేను ఇంకో అడుగు ముందుండేవాణ్ణి. దగ్గుకు పాలల్లో పసుపు, బెణుకుకు పసుపు పట్టు, తెగితే పసుపు పొడి. దుకాణంలో ఒక హమాలీ కాలికి మేకు గుచ్చుకుంటే నేనే పసుపు అద్ది, రెండు రోజుల్లో తగ్గిపోయిందని అందరికీ చెప్పుకున్నాను. ఆ సాయంత్రమే అతను దవాఖానకు పోయి సూది వేయించుకున్నాడని నాకు చాలాకాలం తరువాత తెలిసింది. నన్ను నొప్పించడం ఇష్టంలేక చెప్పలేదట.

మా ఆవిడ బీడీలు చుడుతుంది. పెళ్ళికి ముందు నుంచీ చుడుతోంది. మధ్యాహ్నం పూట మా ఇంటి ముందు రేకుల కింద నలుగురైదుగురు ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని కూర్చుంటారు. అందులో పెద్దావిడ పక్కింటి ఖాలా, అంటే పిన్ని. ఆమెకు మేం చుట్టాలం కాము, అయినా వీధి మొత్తానికి ఆమె ఖాలానే. తునికాకు ముక్కలో తంబాకు పోసి, చుట్టి, మూతి మలిచి, దారం కట్టే పని అంతా మా ఆవిడ చూడకుండా చేస్తుంది. కళ్ళు ఎదుటివాళ్ళ మొహం మీద ఉంటాయి, నోరు వాళ్ళ సంసారాల మీద ఉంటుంది, చేతిలో బీడీ దానంతట అదే తయారవుతుంది. ఆ పనికి అసలు కన్ను ఆమె కుడిచేతి చూపుడువేలు. వేళ్ళతో బతికే నాకు ఈ సంగతి అందరికంటే ముందు తెలియాలి. తెలియలేదని కాదు, పట్టించుకోలేదు.

ఇక గాజు గ్లాసు సంగతి చెప్పాలి. పోయిన పసుపు సీజన్‌లో, దుకాణానికి తొందరగా పోవాల్సిన ఒక పొద్దున, నేను చాయ్ తాగి గ్లాసును నల్లా కింద కడగబోతే అది నల్లా మూతికి తగిలి పగిలింది. గ్లాసులు నువ్వు ముట్టకు అని మా ఆవిడ అంతకుముందు ఎన్నోసార్లు చెప్పింది. చెబితే తిడుతుంది. వినే ఓపిక లేదు. పగిలిన రెండు ముక్కలనూ అంట్ల తొట్టిలో, సబ్బునీళ్ళలో ఉన్న ప్లేట్ల కింద పెట్టి వెళ్ళిపోయాను. సాయంత్రం చెబుదామనుకున్నానని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. నిజం వేరు. కడుగుతుంటే తన చేతిలోనే పగిలిందని ఆమె అనుకుంటే బాగుండునని కూడా ఒక మూల అనుకున్నాను.

గంట తరువాత ఖాలా ఫోన్ చేసింది. ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ చూపుడువేలు మొదట్లో, అరచేతి వైపు లోతుగా తెగి, చీర కొంగంతా నెత్తురు.

"ప్లేట్ల కింద గిలాస పలిగి ఉన్నది," అంది. "నేనే వలగ్గొట్టిన్నేమో, సోయి లేదు."

నేను అవునని అనలేదు, కాదని అనలేదు.

"జల్ది దవాఖానకు తీస్కపో బేటా. కుట్లు పడ్తయి," అంది ఖాలా.

"ఇంట్ల పసుపు ఉండంగ దవాఖాన ఎందుకు ఖాలా," అన్నాను నేను.

అప్పుడు పసుపు మీద నాకున్న నమ్మకం నిజమే. కానీ దవాఖానకు పోతే ఎట్లా తెగింది, ఏం తెగింది అని అడుగుతారు. అడగని వైద్యం పసుపు ఒక్కటే. దుకాణం నుంచి తెచ్చి దాచిన మంచి రకం తీసి, వేలిని దాదాపు పాతిపెట్టినంత పని చేశాను.

పది రోజుల్లో గాయం మూసుకుపోయింది. నేను వీధిలో కనబడ్డవాళ్ళందరికీ ఆమె చెయ్యి చూపించాను. పెళ్ళి కొత్తలో కూడా ఆమె చెయ్యి అన్నిసార్లు పట్టుకోలేదు. ఖాలా నాకు హకీం సాబ్ అని పేరు పెట్టింది. అది పొగడ్త అనుకున్నాను.

మా ఆవిడ మాత్రం వేలిని చూసుకుంటూ ఏదో ఆలోచిస్తుండేది. ఒకరోజు బొటనవేలితో చూపుడువేలి కొసను రుద్దుతూ అంది.

"పైన తోలు నాదే. లోపట ఇంకెవరిదో ఉన్నట్టున్నది."

"గాయం మానంగ గట్లనే ఉంటది," అన్నాను, ఎన్నో వేళ్ళు మాన్పినవాడిలా.

తరువాతి వారం పొయ్యి మీది గిన్నె పట్టుకుంటే వేలి పక్కన బొబ్బ లేచింది. కాలినట్టు ఆమెకు తెలియనే లేదు. బీడీలు కొన్ని వదులుగా, కొన్ని గట్టిగా వస్తున్నాయి. బీడీలు తీసుకునే టేకేదారు ఆమె కట్టల్లో సగం పక్కకు తోశాడు. ఆమె జీవితంలో అది మొదటిసారి. ఇంటికొచ్చి చాటను గోడకు ఆనించి, దాని ఎదురుగా కూర్చుంది. తిట్టలేదు. తిట్టకపోవడం చూసి నాకు భయం వేసింది. చాలా రోజులు బీడీలు ఇవ్వకపోతే బీడీ కార్మికుల కార్డు మీద పేరు ఉంటుందో పోతుందో తెలియదు. కానీ ఆమె భయం కార్డు గురించి కాదు. రేకుల కింద ఆ గుంపులో తన చోటు గురించి. చెయ్యి ఆడని మనిషి అక్కడ కూర్చుని ఏం చేస్తుంది?

నిజామాబాద్‌లో చేతుల ఆపరేషన్లు చేసే ఒక డాక్టరమ్మ దగ్గరికి పోయాం. ఆమె మా ఆవిడను కళ్ళు మూసుకోమని, దూది పింజతో వేలి మీద రాస్తూ "ఇప్పుడు తెలుస్తుందా?" అని అడిగింది. రెండుసార్లు తెలుస్తుందని, ఆరుసార్లు లేదని చెప్పింది మా ఆవిడ. ఆ తెలుస్తుందన్న రెండుసార్లూ దూది వేలికి తగలనే లేదు.

"స్పర్శ నరం తెగింది," అంది డాక్టరమ్మ. "అదే రోజు రావాల్సింది. దేనితో తెగింది?"

"గిలాస మేడం. ప్లేట్ల కింద ఉండె. ఎట్లొచ్చిందో తెల్వది."

"లోపల గాజు ముక్క మిగిలిందేమో చూడాలి. ఎన్ని ముక్కలైందో ఎవరైనా చూశారా?"

మా ఆవిడ తల అడ్డంగా ఊపింది. వేలిలో గాజు మిగిలిందేమో అన్న మాట దగ్గర నా లోపల ఏదో తెగింది.

"రెండు ముక్కలు మేడం," అన్నాను. "పెద్ద ముక్కొకటి, అంచు ముక్కొకటి. నేనే వలగ్గొట్టిన. నేనే ప్లేట్ల కింద పెట్టిన."

మా ఆవిడ నా వైపు చూసి, మళ్ళీ డాక్టరమ్మ వైపు తిరిగింది.

"మేడం, ఏలుకు కుట్లేసేటప్పుడు నా నోటికి గూడ రెండు ఏస్తరా. లేకపోతె ఆర్మూర్ దాక బస్సుల గీయనను తిట్టుకుంటనే పోవాలె."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుని, గాయం మీద ఏం పెట్టారని అడిగింది. పసుపు అన్నాను. నేను ఏం పని చేస్తానని అడిగింది. పసుపు పని అన్నాను. ఆమె చాలా మర్యాదస్తురాలు. "పైన చర్మం మానింది కదా, సరే. తెగిన నరం మాత్రం పసుపుతో అతుక్కోదు," అని ఊరుకుంది.

ఆ తరువాత కాగితం మీద బొమ్మ వేసి చెప్పింది. వేలికి స్పర్శ ఇచ్చే నరకణం వేలిలో ఉండదట. మెడ దగ్గర, వెన్నుపూస పక్కన చిన్న ముడిలో కూర్చుని, అక్కడినుంచి ఒక్క పొడవాటి చెయ్యిని వేలి కొస దాకా చాస్తుందట. ఆ చెయ్యి మధ్యలో తెగింది. తెగిన చోటు నుంచి వేలి కొస వైపు ఉన్న ముక్క చచ్చిపోతుంది. కానీ దాని చుట్టూ ఉన్న తొడుగు మిగులుతుంది. ఆ తొడుగులోని కణాలు చెత్తంతా ఊడ్చి, పెరుగుదల కోసం కొన్ని రసాయనాలు వదులుతాయి. ఇవతల బతికి ఉన్న నరం కొస మీద రిసెప్టర్లు ఉంటాయి, అంటే ఆ రసాయనం వచ్చి తగిలితే పట్టుకునే చిన్న చిన్న పిడికిళ్ళ లాంటివి. అవి పట్టుకున్నాక కబురు నరం లోపలి నుంచే మెడ దాకా పోతుంది. అప్పుడు ఆ కణం, ఇన్నాళ్ళూ చేసిన రోజువారీ పని పక్కన పెట్టి, మళ్ళీ పెరగడం మొదలుపెడుతుంది.

"రోజుకు ఇంచుమించు ఒక మిల్లీమీటరు," అంది. "నేను రెండు కొసలూ దగ్గరికి తెచ్చి కుట్టగలను. పెరగాల్సింది అదే. ఆ రసాయనాల పిలుపు కూడా ఎల్లకాలం ఉండదు. అందుకే తొందరగా రమ్మంటాం. మునుపటి అంత స్పర్శ వస్తుందని మాత్రం మాట ఇవ్వలేను."

ఆపరేషన్ అయింది. గాజు ముక్క ఏమీ దొరకలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సు అంకాపూర్‌లో ఆగితే, దిగి నాటుకోడి కూర కట్టించుకుందామా అని అడిగాను.

"నా ఏలుకు నీ కోడి సాటా?" అంది. బస్సు కదిలాక, "అడిగినోనివి దిగాలె గదా," అంది.

ఇంటి దగ్గర ఆడవాళ్ళకు జరిగిందంతా నేనే చెప్పాల్సి వచ్చింది. గ్లాసు సంగతితో సహా. మా ఆవిడ పెట్టిన షరతు అది. తరువాత రిసెప్టర్ల గురించి నాకు అర్థమైన భాషలో చెప్పాను. "వాగు మీద రోడ్డు తెగింది అనుకోండ్రి. పసుపు లారీ ఇవతల ఆగింది. అవతలి ఒడ్డు నుంచి ఒకడు రమ్మని మొత్తుకుంటుండు. డ్రైవర్‌కు గది ఇనబడాలె. ఇని, దుకాణంల సేటుకు ఫోన్ చెయ్యాలె. సేటు సామాన్ పంపాలె. అప్పుడు రోడ్డు జరంత జరంత ముందుకు పడ్తది. డ్రైవర్ చెవులే రిసెప్టర్లు."

"డ్రైవర్ మొగోడైతె గా రోడ్డు పడది," అంది మా ఆవిడ. "గ్లాసులు ముట్టకు అని పదేండ్ల నుంచి మొత్తుకుంటున్న. ఒక్క కబురన్న మీదికి పోయిందా."

"పరేషాన్ గాకు అమ్మీ," అంది ఖాలా. "హకీం సాబ్‌కు పుట్టుకతోనే గవి తక్కువ. పసుపు పెడితె వస్తయేమో."

ఆ రోజు నుంచి అంట్లు నా వంతు. ఆమె కార్డు నిలబడటానికి ఆడవాళ్ళు తలా ఒక కట్ట తమ చాటల్లోంచి తీసి ఆమె వంతులో వేశారు. నేనూ చుట్టి ఇస్తానన్నాను. రేకుల కింద వాళ్ళ మధ్య కూర్చుని ఒక మధ్యాహ్నమంతా కష్టపడితే, ఒకవైపు లావుగా ఇంకోవైపు సన్నగా, మిరపకాయల్లాంటివి కొన్ని తయారయ్యాయి. టేకేదారు ఒకటి పైకెత్తి చూసి, "అన్నా, గిది తాగాల్నా, బజ్జీ ఎయ్యాల్నా?" అన్నాడు. మర్నాటి నుంచి నన్ను తంబాకు జల్లించడానికి మాత్రమే రానిచ్చారు.

డాక్టరమ్మ మాకు ఒక పని నేర్పి పంపింది. వారానికి ఒకసారి, వేలి కొస నుంచి అరచేతి వైపు మెల్లగా తడుతూ రావాలి. ఏ చోట తడితే వేలి కొస దాకా కరెంటు పాకినట్టు జుమ్మంటుందో, కొత్త నరం అక్కడిదాకా వచ్చినట్టు లెక్క. ఆదివారం పొద్దున్నే నేను తట్టేవాణ్ణి, ఆమె "లేదు, లేదు, లేదు" అంటూ కూర్చునేది. "ఆఁ" అన్న చోట పెన్నుతో చుక్క పెట్టేవాణ్ణి. మొదటి నెల చుక్క కుట్ల దగ్గరే ఉంది. తరువాత బియ్యపుగింజంత జరిగింది. తరువాతి వారం ఇంకో గింజంత. పసుపు నేలలో ఊరేటప్పుడు కూడా పైకి ఏమీ కనబడదు, కానీ రైతు ప్రతి ఆదివారం తవ్వి చూడడు. నేను చూశాను.

తరువాత రెండు వారాలు చుక్క కదల్లేదు. మూడో వారం కూడా ఆమె మునుపటి చోటే "ఆఁ" అంది. ఆమె కళ్ళు మూసుకునే ఉంది. నేను చుక్కను కొంచెం ముందుకు పెట్టాను. ఆమె కళ్ళు తెరిచి చూసుకుని సంతోషపడింది. ఆ సంతోషం వంట అయ్యేదాకా ఉంది. తరువాత గిన్నె దించి నా దగ్గరికి వచ్చి, వేలిని నా మొహం ముందు పెట్టింది.

"జుమ్మన్నది గీడ. చుక్క ఉన్నది గాడ. ఏలు నాదా, నీదా?"

"నువ్వు ఫికర్ చేస్తవని..." అన్నాను.

"గిలాసప్పుడు గూడ గిట్లనే అనుకున్నవా?"

పగిలిన గ్లాసు ప్లేట్ల కింద పెట్టిన చెయ్యే ఈ చుక్కనూ పెట్టింది. మొదటిది తిట్లు తప్పించుకోవడానికి, రెండోది దయతో అనుకున్నాను. తీరా చూస్తే రెండూ ఒకటే. ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఎదుటి మనిషి మొహం ఎట్లా మారుతుందో చూసే ధైర్యం నాకు లేదు. పసుపులో తడిని పసిగట్టి రైతు మొహం మీదే చెప్పగలను. ఇంట్లో మాత్రం ప్రతిదీ ఎండిందనే చెబుతూ వచ్చాను.

పెన్ను ఖాలా చేతికి పోయింది. ఆమె తట్టడం నాకంటే గట్టిగా ఉండేది. చుక్క కదలని వారం "ఇంచు గూడ జరగలే, దొంగ నరం" అని నరాన్నే తిట్టేది. మా ఆవిడ నవ్వేది. దాచకుండా చెబితే మనిషి నవ్వగలదని నేను యాభై దాటాక నేర్చుకున్నాను.

చుక్క మళ్ళీ కదిలింది. వేలి మీది రెండో గీత దాటింది. అప్పుడు ఇంకో రకం ఇబ్బందులు మొదలయ్యాయి. వేలి పక్కన ముట్టుకుంటే కొస మీద ముట్టుకున్నట్టు ఉండేది. చల్లనీళ్ళు తగిలితే సూదులు గుచ్చినట్టు, చీర అంచు తగిలితే చీమలు పాకినట్టు. కొత్త నరాలు ఒక్కోసారి వేరే ఇంటి తలుపు తడతాయని, మెదడు మళ్ళీ నేర్చుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. కళ్ళు మూసుకుని వస్తువులను గుర్తుపట్టే సాధన చేయమంది. నేను మొదట పసుపు కొమ్ము ఇచ్చాను. ఆమె చేతిలో పడకముందే "పసుపు" అంది. నేను పొంగిపోయాను. "ముక్కు తెగలే గదా," అంది.

వానలు వెనకబట్టే రోజుల్లో ఆమె మళ్ళీ చాట ఒళ్ళో పెట్టుకుంది. వేలిని చూసుకుంటూ, మెల్లగా, కొత్తగా నేర్చుకునే పిల్లలా చుట్టేది. బీడీలు బాగానే వచ్చేవి, టేకేదారు తీసుకునేవాడు. కానీ కళ్ళు చేతి మీదే ఉండేవి. రేకుల కింద అందరూ మాట్లాడుతుంటే ఆమె ఒక్కతే నోరు మూసుకుని పని చేసేది. ఆ నిశ్శబ్దం మా ఇంటికి నప్పలేదు. చుక్క గోరు దగ్గరికి వచ్చిందని ఖాలా చెప్పింది గానీ, అది చుక్క మాట. వేలి మాట ఇంకా రాలేదు.

అప్పటికి తునికాకు తడిపే పని కూడా నాదైంది. ఆకును కాసేపు నీళ్ళలో ముంచి, తీసి, తడి గోనెసంచిలో చుట్టి పెట్టాలి. నీళ్ళు తక్కువైతే ఆకు పగులుతుంది, ఎక్కువైతే చీకిపోతుంది. ఒకరోజు మధ్యాహ్నం ఖాలా తమ బంధువుల పెళ్ళిలో మటన్ సరిపోని సంగతి చెబుతోంది. మా ఆవిడ ఉండబట్టలేక తల ఎత్తింది. "గంత మందిని పిలిచి గింత వండుతరా?" అని అడిగి, ఖాలా మొహం మీదే కళ్ళు పెట్టి, చేత్తో ఆకు అందుకుంది. నేను గడప మీద కూర్చుని తంబాకు జల్లిస్తున్నాను.

ఆమె చెయ్యి ఆగింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆకును ఒకసారి రుద్దింది. ఇంకా ఖాలా వైపే చూస్తోంది.

"గిదేంది, ఆకు గింత మెత్తగున్నది? నీళ్ళల్ల ఎప్పుడేసినవ్?"

పొద్దున వేశానని చెప్పడానికి నోరు దాదాపు తెరిచాను.

"నిన్న పగటీలి," అన్నాను. "బకెట్ల ఏసి మర్శిపోయిన. తెల్లారినంక తీసిన."

"నిన్నటి నుంచా? గిది ఆకా, పాలకూరనా? నాలుగు కట్టలు కరాబు చేసినవ్ గదయ్యా."

ఆమె తిట్టడం మొదలుపెట్టింది. ఆకు గురించి మొదలై, బకెట్ మీదికి, అక్కడినుంచి మా చిన్నాయన మతిమరుపు మీదికి పోయింది. ఖాలా ఒక్కసారి ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఆగు అమ్మీ. మెత్తగున్నదని ఏ ఏలు చెప్పింది?"

మా ఆవిడ అప్పుడు చేతివైపు చూసుకుంది. తరువాత కళ్ళు మూసుకుని ఆకు మీద చూపుడువేలితో మెల్లగా రాసింది, ఈనె వెంట, కొస దాకా. ఆడవాళ్ళంతా చేతులు ఆపారు. నేను జల్లెడ కింద పెట్టాను.

"ఈనె దొరుకుతున్నది," అంది. "గీ పక్క ఇంకా ఇసుక రాసినట్టే ఉన్నది. మునుపటి లెక్క లేదు." మళ్ళీ రాసింది. "కానీ దొరుకుతున్నది."

ఖాలా చీర కొంగుతో కళ్ళు తుడుచుకుని, దుమ్ము పడిందంది. నేను లేచి లోపలికి పోయాను. నాకూ దుమ్మే పడింది. కొత్త ఆకు కట్ట విప్పి, నీళ్ళలో ముంచి, మర్చిపోకుండా టైము గోడ మీద బొగ్గుతో రాస్తుంటే, ఆమె గొంతు మళ్ళీ అందుకుంది.

"గోడ మీద గాదు. నెత్తిల రాస్కో."